తీవ్ర వ్యాధితో ఉన్న బిడ్డను ఇంటి దగ్గర చూసుకోవడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలకు

విశాఖపట్నంలోని పెద్దాసుపత్రిలో నెలల తరబడి వైద్యం జరిగాక, "ఇక ఇంటికి తీసుకువెళ్లి బాగా చూసుకోండి" అని వైద్యులు చెప్పే రోజు కొన్ని కుటుంబాలకు వస్తుంది. బిడ్డకు ఉన్నది క్యాన్సర్ కావచ్చు, పుట్టుకతో వచ్చిన గుండె లోపం కావచ్చు, కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు కావచ్చు, మెదడుకు సంబంధించిన తీవ్రమైన వ్యాధి కావచ్చు. ఆ మాట విన్న తల్లిదండ్రులు చాలామంది ఇక చేయగలిగింది ఏమీ లేదని అనుకుంటారు. నిజానికి వ్యాధి నయం కాదని తేలిన తరువాత కూడా నొప్పిని, ఆయాసాన్ని, మూర్ఛలను, భయాన్ని తగ్గించడానికి చేయవలసింది ఎంతో ఉంటుంది. ఆ పనిని ఉపశమన వైద్యం లేదా పాలియేటివ్ కేర్ అంటారు. అది జబ్బు బయటపడిన రోజు నుంచే, మిగిలిన చికిత్సతో పాటే సాగవచ్చు. చివరి నెలల్లో, చివరి వారాల్లో అందే అటువంటి సేవనే హాస్పిస్ సేవ అంటారు. దానికి ప్రత్యేకమైన భవనం అక్కరలేదు. పిల్లల విషయంలో అది జరగవలసిన చోటు చాలావరకు వాళ్ల ఇల్లే.

అయితే ఇచ్ఛాపురం దగ్గరి ఒక పల్లె నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లు దాటుతుంది. శ్రీకాకుళం నుంచి అయినా 100 కిలోమీటర్లకు పైమాటే. విజయనగరం పట్టణంలో ఉన్నవారికి దారి దగ్గరే గాని, అర్ధరాత్రి బిడ్డ నొప్పితో ఏడుస్తూ ఉంటే ఆ దగ్గర కూడా దూరమే. అందుచేత ఇంటి సంరక్షణలో నేను అన్నిటికంటే ముఖ్యమని భావించే విషయం ఒక్కటి: రాత్రి రాగల ప్రతి కష్టానికీ పగలే ఏర్పాటు చేసి ఉంచుకోవాలి. మందు ఇంట్లో ఉండాలి, దానిని ఎంత ఇవ్వాలో తెలుగులో రాసి ఉండాలి, ఫోను చేస్తే పలికే మనిషి ఎవరో ముందే తెలిసి ఉండాలి. ఈ మూడూ ఉన్న ఇంట్లో చాలా ఇబ్బందులు పరుగులు పెట్టకుండానే సర్దుకుంటాయి.

ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు

డిశ్చార్జి కాగితం చేతికి రాగానే సంచి సర్దుకోవద్దు. ఆ కాగితం ఇంగ్లీషులో, వైద్యుల కోసం రాసినది. మీకు కావలసింది మరొక కాగితం. అందులో ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు లేదా ఎన్ని మాత్రలు, ఏయే వేళలకు, ఎందుకోసం అన్నది తెలుగులో ఉండాలి. నర్సు గారిని అడిగి, ఆవిడ చెబుతూ ఉండగా మీరే రాసుకుని, తిరిగి చదివి వినిపించి సరిచూసుకోవడం ఇంకా మంచిది. దాని కిందనే, నొప్పి పెరిగితే ఏమి చేయాలి, ఆయాసం వస్తే ఏమి చేయాలి, మూర్ఛ వస్తే, రక్తం పడితే, మందు తాగిన వెంటనే వాంతి చేసుకుంటే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయించుకోవాలి. ఏ పరిస్థితిలో బిడ్డను మళ్లీ ఆసుపత్రికి తీసుకురావాలి, ఏ పరిస్థితిలో తీసుకువచ్చినా కొత్తగా ఒరిగేది ఉండదు అన్నది కూడా అడగండి. అడగడానికి మనసు ఒప్పదు గాని, ఆ జవాబు తెలియకపోవడం వల్లనే ఎన్నో కుటుంబాలు బిడ్డ ఆఖరి గంటలను అంబులెన్సులో గడపవలసి వస్తుంది.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం, గొంతులోని కఫాన్ని యంత్రంతో తీయడం, గాయానికి కట్టు కట్టడం వంటి పనులు ఏవైనా ఇంటి దగ్గర మీరే చేయవలసి ఉంటే, నర్సు ఎదుట మీ చేతులతో కనీసం రెండు మూడు సార్లు చేసి చూపించిన తరువాతనే బయలుదేరండి. తల్లి ఒక్కతే నేర్చుకుంటే చాలదు. తండ్రి గాని, అమ్మమ్మ గాని, పిన్ని గాని ఇంకొకరు తప్పక నేర్చుకోవాలి.

క్యాన్సర్ ఉన్న పిల్లల విషయంలో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నవారు ఉపశమన వైద్యానికి తమ పేరు రాసి పంపమని చికిత్స చేసే వైద్యులనే అడగాలి. ఇతర జబ్బులకు విశాఖపట్నంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి అయిన కేజీహెచ్‌లో గాని, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గాని పిల్లల వైద్య విభాగాన్ని అడగవచ్చు. "నొప్పి తగ్గించే వైద్యం కోసం మమ్మల్ని ఎవరి దగ్గరకు పంపుతారు?" అని సూటిగా అడిగితే సూటిగా జవాబు దొరుకుతుంది. తిరువనంతపురంలో 2003లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ తదితరులు స్థాపించిన పాలియమ్ ఇండియా సంస్థ దేశంలోని ఉపశమన వైద్య కేంద్రాల వివరాలను అందుబాటులో ఉంచుతోంది. చదువుకున్న బంధువు ఎవరైనా ఉంటే చూసి పెట్టమనండి.

ఊరికి చేరిన మరునాడే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, గ్రామంలోని హెల్త్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య సిబ్బందికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి బిడ్డ సంగతి చెప్పి, కాగితాల నకళ్లు ఇవ్వాలి. అవసరం పడిన రోజున మొదటిసారి పరిచయం చేసుకోవడం కంటే ఇది ఎంతో మేలు. 104 వాహనం మీ ఊరికి ఏ రోజు వస్తుందో తెలుసుకుని, ఆ రోజున వైద్యాధికారిని ఇంటికి వచ్చి బిడ్డను ఒకసారి చూడమని అడగండి. ఒకసారి చూసిన వైద్యుడు ఆ తరువాత ఫోనులో చెప్పే సలహాకు విలువ ఎక్కువ.

నొప్పి

బిడ్డ నొప్పి అని చెబితేనే నొప్పి ఉన్నట్టు కాదు. ఆడుకునే పిల్ల ఆట మానేసి గోడ వైపు తిరిగి పడుకోవడం, ముట్టుకుంటే ముఖం చిట్లించడం, కాళ్లు కడుపులోకి ముడుచుకోవడం, ఎత్తుకున్నా ఏడుపు ఆగకపోవడం, కొన్నిసార్లు అసలు ఏడవకుండా బిగుసుకుపోయి ఉండడం, ఇవన్నీ నొప్పి చెప్పే మాటలే. సూదులకు భయపడిన పిల్లలు, నొప్పి ఉందంటే మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళతారని దాచిపెడతారు. మూడు నాలుగేళ్లు దాటిన పిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం వరకు ఆరు బొమ్మలు వరుసగా గీసి, "ఇప్పుడు ఏ ముఖంలా ఉంది?" అని అడగవచ్చు. మాటలు రాని బిడ్డ విషయంలో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పుకు లొంగడం అనే అయిదింటిని రోజూ గమనించి, ఒక నోటుపుస్తకంలో వేళతో సహా రాసి పెట్టండి. వైద్యుడు మోతాదు మార్చడానికి ఆ పుస్తకమే ఆధారం.

నొప్పి మందులను నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి. నొప్పి పూర్తిగా తలెత్తిన తరువాత దానిని అణచడానికి ఎక్కువ మందు, ఎక్కువ సమయం పడతాయి. తక్కువ నొప్పికి పారాసెటమాల్ చాలు. దాని మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇవ్వాలి. కాలేయ వ్యాధి ఉంటే వైద్యుడు ఇంకా తగ్గిస్తారు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో దొరికే సిరప్పులలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉన్నవి, 250 ఉన్నవి చూడడానికి ఒకేలా ఉంటాయి. 12 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే మొదటిదానిలో 6 మిల్లీలీటర్లు, రెండోదానిలో 3 మిల్లీలీటర్లే. సీసా మారినప్పుడల్లా ఆ అంకె చూసి తీరాలి. కొలతకు వంటింటి చెంచా కాకుండా సూది లేని సిరంజి వాడాలి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులను మీ అంతట మీరు ఇవ్వవద్దు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో, ప్లేట్‌లెట్లు తగ్గిన వారిలో అవి రక్తస్రావానికి దారితీయవచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మరింత హాని చేస్తాయి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఇంత కష్టం చూసిన జిల్లాలో ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ వైద్యుడు రాసి ఇస్తే తప్ప అసలే వద్దు.

నొప్పి తీవ్రమైనప్పుడు పనిచేసే మందు మార్ఫిన్. ఆ పేరు వినగానే బంధువులు "అది మత్తుమందు కదా, పసిబిడ్డకు ఎందుకు?" అంటారు. తల్లిదండ్రులు కూడా మార్ఫిన్ ఇస్తున్నారంటే ఇక రోజులు దగ్గరపడినట్టే అనుకుంటారు. రెండూ నిజం కావు. వైద్యుడు చెప్పిన మోతాదులో నొప్పి కోసం వాడే బిడ్డకు దాని వ్యసనం పట్టుకోదు, ఆయుష్షు తగ్గదు. మార్ఫిన్ మొదలుపెట్టాక తిరిగి కూర్చుని ఆడుకునే పిల్లలు, నెలల తరబడి దానిని వాడే పిల్లలు ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలలో, పిల్లల్లో పారాసెటమాల్ వంటివి చాలనప్పుడు మధ్యలో మరో మెట్టు లేకుండా నేరుగా మార్ఫిన్ వంటి మందుకే వెళ్లాలని చెప్పింది.

మొదటి రెండు మూడు రోజులు నిద్రమత్తుగా ఉండవచ్చు. అంతకుముందు నొప్పితో నిద్రలేని బిడ్డ అయితే బాకీ పడిన నిద్ర కూడా అందులో ఉంటుంది. వాంతి, దురద కొందరికి వస్తాయి, వాటికి మందులు ఉన్నాయి. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, అది తనంతట పోదు. కాబట్టి మార్ఫిన్‌తో పాటే లాక్టులోజ్ వంటి విరేచనం సాఫీ చేసే మందు కూడా రాయించుకోవాలి. బిడ్డ పిలిచినా, కదిపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా తరువాతి మోతాదు ఇవ్వకుండా వెంటనే వైద్యునికి ఫోను చేయండి. కొన్ని రోజులుగా వాడుతున్న మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నూరి ఇవ్వకూడదు.

మార్ఫిన్ సాధారణ మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ తరువాత, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దానిని నిల్వ చేసి, శిక్షణ పొందిన వైద్యుల చీటీ మీద ఇవ్వగలుగుతున్నాయి. అందుచేత మందు అయిపోయే రోజుకు కనీసం వారం ముందే ప్రయాణానికి సిద్ధం కావాలి. బిడ్డను కదిలించకుండా, ఫోనులో వైద్యునితో మాట్లాడి, పెద్దవారొకరు కాగితాలతో వెళ్లి మందు తెచ్చుకునే వీలుందా అని ముందే అడగండి. ఇంట్లో దానిని తాళం వేసిన పెట్టెలో ఉంచి, ఎంత ఉంది, ఎంత ఇచ్చారు అన్నది రాసి ఉంచాలి.

మందుతో పాటు చేసే పనులు కూడా నొప్పిని తగ్గిస్తాయి. ఒడిలో పెట్టుకోవడం, వీపు నిమరడం, గోరువెచ్చని గుడ్డతో కాపడం, కథ చెప్పడం, ఫోనులో ఇష్టమైన పాట పెట్టడం వంటివి చిన్న విషయాలు కావు. మంత్రం వేయించాలనీ, అమ్మవారి దారం కట్టించాలనీ ఇంటి పెద్దలు కోరితే దానివల్ల బిడ్డకు హాని లేదు. వాతలు పెట్టడం, పసరు తాగించడం, మందులు మాన్పించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

ఆయాసం, మూర్ఛ, ఒంటి సంరక్షణ

ఆయాసం వచ్చిన బిడ్డను పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టి, లేదా మీ రొమ్మున ఆనించుకుని, కిటికీ తెరిచి, చిన్న ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలేలా పెట్టండి. చుట్టూ మూగిన జనాన్ని బయటకు పంపండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గని బిడ్డకు సిలిండరు కంటే ఈ ఫ్యాను గాలి ఎక్కువ ఉపయోగపడుతుంది. తక్కువ మోతాదు మార్ఫిన్ కూడా ఆయాసాన్ని తగ్గిస్తుంది గాని అది వైద్యుడు చెప్పవలసిన విషయం. ఇంట్లో ఆక్సిజన్ వాడుతుంటే ఆ గదిలో దీపం, అగరుబత్తి, సాంబ్రాణి, బీడీ ఏవీ ఉండకూడదు. బిడ్డ పెదవులకు వాసెలిన్ గాని, నూనె గాని రాయకూడదు, అవి మంటకు కారణం కావచ్చు.

మూర్ఛ వచ్చినప్పుడు బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడాలి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం వల్ల మేలు లేదు, కీడు ఉంది. మూర్ఛలు వచ్చే అవకాశం ఉన్న బిడ్డకు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రేను ముందే రాయించుకుని, ఎన్ని నిమిషాలకు, ఎన్ని స్ప్రేలు కొట్టాలో సీసా మీదే అంటించి ఉంచండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే, ముందే వైద్యునితో వేరే నిర్ణయం అయి ఉంటే తప్ప, 108కి ఫోను చేయాలి.

మంచాన పడిన బిడ్డను రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. తోక ఎముక, మడమలు, చెవుల వెనక, తల వెనక రోజూ చూడాలి. ఎర్రబడిన చోట రుద్దకూడదు, స్పిరిట్ రాయకూడదు. ఆ భాగం మీద బరువు పడకుండా చూస్తే చాలు. పాత నేత చీరలు మడత లేకుండా పరిచిన పక్క మెత్తగా ఉండి, తడిస్తే సులువుగా మార్చవచ్చు. గాలి పరుపు అద్దెకు గాని, దాతల నుంచి గాని దొరికితే మంచిదే, అయితే పక్క మార్చే పని దానితో తప్పదు. గాయం పట్టి దుర్వాసన వస్తుంటే వైద్యుణ్ణి అడగండి, మెట్రోనిడజోల్ పొడి చల్లడం వల్ల ఆ వాసన తగ్గుతుంది. వాసన వల్ల మనుషులు దగ్గరకు రావడం మానేస్తే బిడ్డకు అది రెండో బాధ. నోటిని రోజుకు నాలుగైదు సార్లు, కప్పు నీటిలో పావు చెంచా ఉప్పు కలిపి, మెత్తని గుడ్డతో తుడవాలి. నాలుక మీద పెరుగులాంటి తెల్లని పొర కనిపిస్తే అది ఫంగస్, దానికి చుక్కల మందు ఉంది.

తిండి గురించి తల్లులు పడే వేదన అంతా ఇంతా కాదు. బిడ్డ తినకపోతే తన ప్రేమ ఓడిపోయినట్టు తల్లికి అనిపిస్తుంది. జబ్బు ముదిరే కొద్దీ ఆకలి తగ్గడం శరీరం స్వభావం, తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు. రెండు చెంచాల చోడి అంబలి, కాస్త గంజి, మెత్తని పప్పన్నం, వేసవిలో ఒక తాటిముంజ, బిడ్డ అడిగింది అడిగినప్పుడు ఇవ్వండి. మూత్రపిండాల జబ్బు ఉంటే కొబ్బరినీళ్లకు ముందు వైద్యుణ్ణి అడగాలి. మింగలేని బిడ్డకు బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త జబ్బు తెస్తుంది. ముక్కు గొట్టం ఉన్నవారికి తల భాగం ఎత్తులో ఉంచి, గొట్టం మీద గుర్తు జరగలేదని చూసుకుని, నెమ్మదిగా పోసి, చివర కొద్దిగా నీళ్లు పోసి గొట్టం శుభ్రం చేయాలి.

తుపాను, కరెంటు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి అందరికీ గుర్తుంది. ఆక్సిజన్ యంత్రం, కఫం తీసే యంత్రం, గాలి పరుపు అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. అందుచేత అక్టోబరు, నవంబరు నెలలకు ముందే రెండు వారాల మందులు నీళ్లు తగలని డబ్బాలో ఉంచుకోండి. యంత్రం వాడే ఇంట్లో సిలిండరు ఒకటి నిండుగా ఉండాలి. 1,500 లీటర్ల సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున సుమారు 12 గంటలు వస్తుంది, ఆ లెక్కన ఎన్ని కావాలో చూసుకోవాలి. ఇంట్లో యంత్రం మీద ఆధారపడిన బిడ్డ ఉన్నట్టు స్థానిక విద్యుత్ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి, కరెంటు పోయినప్పుడు 1912కు ఫోను చేసి అదే చెప్పండి. హెచ్చరిక వచ్చిన రోజునే, రోడ్డు మూసుకుపోకముందే, బిడ్డను ఎవరింటికి లేదా ఏ ఆసుపత్రికి చేర్చాలో సచివాలయం వారితో మాట్లాడుకోవాలి.

డబ్బు, కాగితాలు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ చికిత్స వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలోని పథకం ప్రతినిధి వద్ద గాని, 104కు ఫోను చేసి గాని తెలుసుకోవచ్చు. వైకల్యం కలిగిన బిడ్డకు సచివాలయం ద్వారా సదరం పరీక్షకు, అంటే వైకల్యాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇచ్చే పరీక్షకు, తేదీ తీసుకోవాలి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు పింఛను అమలవుతోంది. తలసేమియా, సికిల్ సెల్ వంటి జబ్బులకు వేరే విభాగాలు ఉన్నాయి. బిడ్డను కదిపి తీసుకువెళ్లగలిగిన రోజుల్లోనే ఈ పరీక్ష పూర్తి చేసుకోవడం మంచిది, తరువాత ఆ ప్రయాణం కష్టమవుతుంది. క్యాన్సర్ రోగికి, వెంట వెళ్లే ఒకరికి రైలులో రాయితీ ఉంది. స్లీపరు, మూడో తరగతి ఏసీలో రోగికి పూర్తిగా ఉచితం. ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రం స్టేషనులో చూపాలి. బడి మానేసిన బిడ్డ విషయాన్ని ప్రధానోపాధ్యాయునికి చెబితే, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం ఉపాధ్యాయులు ఇంటికి వచ్చి చదువు చెప్పే వీలు ఉంటుంది. మార్కుల కోసం కాదు, తానింకా బడి పిల్లవాడినే అన్న భావన బిడ్డకు కలగడం కోసం ఆ రాక అవసరం.

బిడ్డతో, ఇంటివారితో మాట్లాడడం

"అమ్మా, నాకిది తగ్గదేటి?" అని ఏడేళ్ల పిల్ల అడిగితే, "ఛ, అలాంటి మాటలు మాట్లాడకు" అనడం మనకు అలవాటు. ఆ మాటతో ప్రశ్న పోదు, అడగడం మాత్రమే ఆగిపోతుంది. పిల్ల తన భయంతో ఒంటరిదవుతుంది. ముందుగా "నీకు ఎందుకలా అనిపించింది?" అని అడిగి, పిల్ల ఎంత తెలుసుకోవాలనుకుంటుందో అంతవరకు నిజం చెప్పండి. "జబ్బు చాలా పెద్దది. డాక్టరు గారు నొప్పి లేకుండా చూస్తున్నారు. నేను నీ దగ్గరే ఉంటాను" అన్న మూడు మాటలు అబద్ధం కావు, భయపెట్టవు. అయిదేళ్లలోపు పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడం అని తెలియదు, అమ్మ దూరం కావడమే వాళ్ల భయం. తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి దాదాపు పెద్దల్లాగే అర్థం చేసుకుంటారు. వాళ్లకు చెప్పకుండా దాచామని మనం అనుకుంటాం గాని, గదిలో మాటలు ఆగిపోవడం చూసే వాళ్లు గ్రహిస్తారు.

ఇంట్లో ఉన్న అప్పను, తమ్ముణ్ణి మరవకూడదు. "నేను కొట్టినందుకే తమ్ముడికి ఇలా అయ్యింది" అని లోలోపల కుమిలే పిల్లలు ఉంటారు. ఇది ఎవరి తప్పూ కాదని, అంటుకునే జబ్బు కాదని వాళ్లకు విడిగా చెప్పాలి. చేయగలిగిన చిన్న పని అప్పగించాలి. ఫ్యాను తిప్పడం, కథ చదవడం, మంచినీళ్లు అందించడం వాళ్లకు సాంత్వన. బిడ్డ కోరికలు కూడా అడగండి. అరసవల్లి గుడికి, లేదా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లాలని బిడ్డ అడిగితే, ఆ జనంలోకి కాకుండా ముందు రోజో తరువాతి రోజో తెల్లవారుజామున తీసుకువెళ్లి దర్శనం చేయించవచ్చు.

తండ్రి గుజరాత్ తీరంలో వేటకో, హైదరాబాదులో కూలి పనికో వెళ్లిన ఇళ్లు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. అటువంటి ఇంట్లో తల్లి మీద పడే భారం రెండింతలు. తండ్రిని ఎప్పుడు పిలవాలి అన్నది వైద్యునితో ముందే మాట్లాడండి. వెరావల్ నుంచి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, "పరిస్థితి బాగా లేదు" అన్నాక బయలుదేరితే ఆలస్యం కావచ్చు. దూరంగా ఉన్న తండ్రి రోజూ ఒకే వేళకు వీడియోలో మాట్లాడడం బిడ్డకు ఊరట.

తల్లికి రోజులో కనీసం నాలుగు గంటల ఎడతెగని నిద్ర ఉండాలి. ఇది దయతో చెప్పే మాట కాదు, మందుల లెక్క తప్పకుండా ఉండాలంటే తప్పనిసరి. డ్వాక్రా సంఘంలోని ఆడవాళ్లు వంతులు వేసుకుని ఒకరు వంట, ఒకరు రెండు గంటలు బిడ్డ దగ్గర కూర్చోవడం చేయగలరు. సాయం చేస్తామన్నవారికి "ఏమీ వద్దమ్మా" అనకుండా ఒక పని చెప్పండి. పరామర్శకు వచ్చేవారికి వేళ పెట్టి, బిడ్డ ఎదుట ఏడవవద్దని వాకిట్లోనే చెప్పే బాధ్యతను పెద్దదిక్కుగా ఉన్న ఒకరికి అప్పగించండి. దగ్గు, జలుబు ఉన్నవారిని లోపలికి రానివ్వకూడదు.

చివరి రోజులు

బిడ్డ ఎక్కువసేపు నిద్రపోవడం, తిండి నీళ్లు మానేయడం, మూత్రం తగ్గడం, చేతులు కాళ్లు చల్లబడి రంగు మారడం, ఊపిరి కొంతసేపు ఆగి మళ్లీ రావడం, గొంతులో గురగురమనే చప్పుడు, ఇవి రోజులు, గంటలు దగ్గరపడిన గుర్తులు. గురగుర వినేవారికి బాధగా ఉంటుంది గాని, బిడ్డకు అప్పటికి అది తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది, దానికి మందు కూడా ఉంది. నొప్పి మందు మాత్రం ఆపకూడదు. మింగలేకపోతే చెంప లోపల లేదా నాలుక కింద ఎలా ఇవ్వాలో ముందే అడిగి ఉంచుకోవాలి. రక్తస్రావం అయ్యే అవకాశం ఉన్న జబ్బు అయితే ముదురు ఎరుపు లేదా నల్లని తువాళ్లు దగ్గర పెట్టుకోండి, తెల్లని గుడ్డ మీద రక్తం బిడ్డనూ ఇంటివారినీ భయపెడుతుంది. పెదవులు తడుపుతూ, పేరు పెట్టి పిలుస్తూ, మాట్లాడుతూ ఉండండి. కళ్లు తెరవకపోయినా వినిపిస్తూ ఉండవచ్చు.

108ని పిలవాలా వద్దా అన్నది ఈ దశకు ముందే తల్లిదండ్రులు, వైద్యుడు కలిసి నిర్ణయించి, వైద్యుని సంతకంతో కాగితం మీద ఉంచుకోవాలి. అంబులెన్సు సిబ్బంది వస్తే గుండె నొక్కడం, ఆసుపత్రికి తరలించడం వాళ్ల విధి. ఇంట్లోనే ఉంచాలని నిర్ణయించుకున్నవారు ఆ సమయంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి, ఏఎన్ఎంకు ఫోను చేస్తే చాలు. తెలిసిన జబ్బుతో ఇంట్లో జరిగిన మరణం పోలీసు కేసు కాదు. తొందరపడి ఎవరికీ అప్పగించవలసిన పని లేదు. తల్లి కోరినంతసేపు బిడ్డను ఒడిలో ఉంచుకోవచ్చు, స్నానం తానే చేయించుకోవచ్చు.

మరణాన్ని 21 రోజులలోపు గ్రామ సచివాలయంలో నమోదు చేయించాలి, ఆ గడువులో రుసుము ఉండదు. పింఛను, బీమా, ఇతర కాగితాలకు ఆ ధ్రువపత్రం అవసరం. మిగిలిన మార్ఫిన్‌ను ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి, ఇంట్లో ఉంచకూడదు, మరొకరికి ఇవ్వకూడదు. ఆక్సిజన్ యంత్రం, పరుపు వంటివి ఇంకో బిడ్డకు పనికివస్తాయి గాని, వాటిని ఆ వారమే ఇల్లు దాటించమని తల్లిని ఒత్తిడి చేయవద్దు. కర్మలు పూర్తయి బంధువులు వెళ్లిపోయిన తరువాతి నెలల్లోనే ఆ ఇంటికి మనుషులు ఎక్కువ అవసరమవుతారు. ఆశా కార్యకర్త, పొరుగువారు, బడి ఉపాధ్యాయులు అప్పుడు వెళ్లి, బిడ్డ పేరు చెప్పి మాట్లాడాలి. నిద్ర, తిండి వారాల తరబడి కుదరకపోయినా, తానూ పోవాలన్న మాట తల్లి నోట గాని తండ్రి నోట గాని వచ్చినా, 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఆ అంకెను మందుల కాగితం కిందనే రాసి ఉంచండి.